గుండెలో పెట్టేదానికి చీటీ ఏదీ?

విత్తనాల బస్తా కొనేటప్పుడు రైతు మొట్టమొదట చూసేది బస్తా మూతికి కుట్టిన చీటీ. రకం పేరు, మొలక శాతం, స్వచ్ఛత, పరీక్ష జరిపిన తేదీ అన్నీ దాని మీద ఉండితీరాలి. 1966 నాటి విత్తనాల చట్టం పెట్టిన కట్టుబాటు ఇది. ధ్రువీకరించిన వరి విత్తనానికి మొలక శాతం 80కి తగ్గకూడదు. చదువు రాని రైతు సైతం ఆ చీటీని పక్కవాడిచేత చదివించుకొని గాని డబ్బు చేతిలోంచి వదలడు. నాలుగు నెలల పంటకే ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, మనిషి గుండెలో పెట్టి, ఇక బ్రతికినన్నాళ్ళూ బయటికి తీయని ఒక లోహపు జాలీకి ఎంత జాగ్రత్త ఉండాలి? ఆ జాలీ పేరే స్టెంటు. దాన్ని కొనే కుటుంబానికి అర్థమయ్యే భాషలో అటువంటి చీటీ ఒకటి ఇచ్చితీరాలన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

ముందు వస్తువేమిటో చూద్దాం. గుండె కండరానికి రక్తం అందించే కరొనరీ ధమనులు సుమారు మూడు మిల్లీమీటర్ల వ్యాసం గల సన్నని గొట్టాలు. వాటి గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే గుండెకు రక్తం చాలదు. 1977లో జూరిచ్ నగరంలో ఆంద్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు ఒక చిన్న బెలూనును ఆ ధమనిలోకి పంపి, ఉబ్బించి, దారి వెడల్పు చేశాడు. అయితే అట్లా తెరిచిన గోడ కొందరిలో వెంటనే కూలేది, కొందరిలో కొద్ది నెలల్లో మళ్ళీ మూసుకొనేది. బోరు వేయించిన రైతుకు ఈ కష్టం కొత్తదేమీ కాదు. మట్టి వదులుగా ఉన్నచోట బోరు తవ్వి వదిలేస్తే గోడ కూలి పూడిపోతుంది. అందుకే కేసింగు పైపు దింపుతాం. స్టెంటు కూడా ధమనికి దింపిన కేసింగే.

1986లో ఫ్రాన్సులోని తూలూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండులోని లొజాన్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ మనుషుల గుండె ధమనుల్లో మొదటి స్టెంట్లు అమర్చారు. అర్జెంటీనాలో పుట్టిన హూలియో పాల్మాజ్ వేరొక పద్ధతిలో ఆలోచించాడు. గోడకు పూత పట్టుకోవటానికి పనివాళ్ళు కొట్టే ఇనుప జాలీ ముక్కను చూస్తే ఆయనకు ఆ ఆకారం తట్టిందట! ఆ ఆలోచనలోంచి వచ్చిన పాల్మాజ్–షాట్జ్ స్టెంటుకు అమెరికాలో 1994లో అనుమతి లభించింది.

ఇందులోని శాస్త్రం మనకు తెలియనిది కాదు. ఫిజిక్సు లాబులో తీగకు బరువులు వేలాడదీసి యంగ్ గుణకం కొలిచేటప్పుడు, స్థితిస్థాపక అవధి దాటనివ్వకండి అని మన డెమాన్‌స్ట్రేటరుగారు హెచ్చరిస్తూనే ఉంటారు. దాటితే తీగ మళ్ళీ పాత పొడవుకు రాదు. బెలూను మీద ఎక్కించే స్టెంటు సరిగ్గా ఈ ‘తప్పు’ మీదనే బ్రతుకుతుంది. ముడుచుకొని ఉన్న జాలీని బెలూను సుమారు పది పన్నెండు అట్మాస్ఫియర్ల ఒత్తిడితో విప్పుతుంది. కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు అట్మాస్ఫియర్లేనని గుర్తుంచుకోండి! లోహం అవధి దాటి సాగి, అట్లాగే నిలిచిపోతుంది. బెలూను తీసేసినా జాలీ ముడుచుకోదు. కాలి ధమనుల్లో పరిస్థితి వేరు. మోకాలు వంగుతుంది, నడకలో ధమని మెలిపడుతుంది. అక్కడ నికెలు, టైటానియం కలిసిన నిటినాల్ అనే మిశ్రలోహం వాడతారు. వంచినా నలిపినా అది తన ఆకారానికి తిరిగి వచ్చేస్తుంది. చోటును బట్టి లోహం మారాలి, నేలను బట్టి పంట మారినట్లే.

ఇక మన్నిక మాట. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. పదేళ్ళకు లెక్కకడితే ముప్పయ్యారు కోట్ల పైమాటే. అన్నిసార్లు ఊగినా జాలీ విరగకూడదు, ఉప్పునీటి వంటి రక్తంలో తుప్పు పట్టకూడదు, ఎక్సురేలో డాక్టరుకు కనబడాలి. తొలి రోజుల్లో ఇందుకు 316 ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు వాడారు. అందులోని క్రోమియం ఉపరితలం మీద పలుచని ఆక్సైడు పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. తర్వాత కోబాల్టు–క్రోమియం వచ్చింది. అది స్టీలుకంటె బలమైనది, సాంద్రత కూడా ఎక్కువ. అందువల్ల జాలీ కమ్మీని సన్నగా చేసినా బలం తగ్గదు, ఎక్సురేలోనూ కనబడుతుంది.

సన్నగా ఎందుకు చేయాలి? కేసింగు పైపు కొనేటప్పుడు మా నాన్నగారు గోడ మందం వేలితో తడిమి చూస్తారు. మందమైనదే మంచిదని మన ఊళ్ళలో అందరి నమ్మకమూ. ధమనిలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. జర్మనీలో 651 మంది రోగుల మీద జరిపి 2001లో ప్రకటించిన ఇసార్–స్టీరియో అనే పరిశీలనలో, ఒకే రకపు స్టీలు జాలీని 50 మైక్రాన్ల కమ్మీతోను, 140 మైక్రాన్ల కమ్మీతోను పోల్చి చూశారు. ధమని మళ్ళీ ఇరుకైపోవటం మందపు కమ్మీలో 25.8 శాతం, సన్నని కమ్మీలో 15 శాతం! లావు కమ్మీ గోడను ఎక్కువగా గాయపరుస్తుంది, రక్తప్రవాహానికి అడ్డం వచ్చి సుడులు పుట్టిస్తుంది, దాని మీద కొత్త పొర కప్పుకోవటానికి ఆలస్యమవుతుంది. చూడండి, కంటికి ‘గట్టిది’ అనిపించేది గుండెకు చెడ్డదైంది. ఊహకూ కొలతకూ ఉన్న తేడా ఇదే.

గాయపడిన గోడలో కణాలు అదుపు లేకుండా పెరగటమే మళ్ళీ ఇరుకు కావటానికి ముఖ్యకారణం. దీనికి మందు మట్టిలో దొరికింది. పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ ద్వీపాన్ని అక్కడివాళ్ళు రాపా నూయి అంటారు. 1964లో కెనడానుంచి వెళ్ళిన బృందం తెచ్చిన ఆ ద్వీపపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి రాపామైసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ కృషికి నాయకత్వం వహించినవాడు భారతీయుడైన సురేంద్రనాథ్ సెహగల్. కంపెనీ ఆ పరిశోధనను పక్కన పెట్టేసినా ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంట్లో ఫ్రీజరులో దాచి కాపాడాడు. ఆ పదార్థాన్నే సిరోలిమస్ అంటున్నాం. దాన్ని పాలిమరులో కలిపి జాలీకి పూత పూస్తే, నెమ్మదిగా విడుదలై కణాల పెరుగుదలను ఆపింది. ఈ పూత గల స్టెంటుకు 2002లో ఐరోపాలో, 2003లో అమెరికాలో అనుమతులు వచ్చాయి.

పూతకు ఒక మూల్యం ఉంది. లోహం మీద కొత్త పొర ఆలస్యంగా కప్పుకొనేసరికి, ఆలోగా నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆస్పిరిన్‌తోపాటు మరో మాత్ర కొన్ని నెలలు తప్పకుండా వేసుకోవాలి. ఎన్ని నెలలన్నది స్టెంటు రకాన్ని, రోగి స్థితిని బట్టి డాక్టరు చెప్పవలసిన మాట. నొప్పి తగ్గింది గదా, కోతలకు డబ్బు కావాలి గదా అని మాత్రలు మధ్యలో మానేసేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో! వాళ్ళది మూర్ఖత్వం అనటం తేలిక. లోపల ఏం జరుగుతున్నదో వాళ్ళకు ఎవరైనా చెప్పారా?

కొత్తదీ ఖరీదైనదీ అయినంత మాత్రాన మేలైనది కాదనటానికి కరిగిపోయే స్టెంటే సాక్ష్యం. పాలిలాక్టిక్ ఆమ్లంతో చేసిన ‘అబ్సార్బ్’ స్టెంటు రెండు మూడేళ్ళలో కరిగి మాయమవుతుందంటే లోకమంతా మురిసిపోయింది. ప్లాస్టిక్కుకు లోహమంత బలం లేదు కాబట్టి దాని కమ్మీని సుమారు 150 మైక్రాన్ల మందాన చేయవలసి వచ్చింది. అంటే పాత చిక్కు మళ్ళీ మొదటికొచ్చింది. లోహపు స్టెంట్లకంటె దీంట్లో గడ్డలు ఎక్కువగా ఏర్పడుతున్నాయని తేలింది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన ఆ స్టెంటు అమ్మకాన్ని 2017లో తయారీదారే ఆపేశాడు.

మా పెదనాన్నకు స్టెంటు వేయవలసి వచ్చినప్పుడు, ఒక పట్నపు ఆసుపత్రిలో కౌంటరు దగ్గర మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: “ఇండియాదా, ఫారిన్‌దా? ఫారిన్‌దైతే లైఫ్ ఎక్కువండీ.” ప్యాకేజీ తేడా చెప్పారు గాని లోహం తేడా చెప్పలేదు. కమ్మీ మందమెంత, పూత ఏమిటి అని మా అన్నయ్య అడిగితే, “అవన్నీ మీకెందుకండీ” అన్నారు. దేశం పేరు ఒక గుణం ఎట్లా అవుతుంది? సూరత్‌లో తయారయ్యే సుప్రాఫ్లెక్స్ అనే స్టెంటు కమ్మీ మందం 60 మైక్రాన్లు. పేరుమోసిన అమెరికా స్టెంటు జైన్స్‌ది 81 మైక్రాన్లు. ఐరోపాలో 1,435 మంది మీద ఈ రెంటినీ పోల్చి, 2019లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన టాలెంట్ పరిశీలన, ఏడాది ఫలితాల్లో మనది దానికి తీసిపోదని తేల్చింది. అంతకు ముందే, 1990లలో, మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, రక్షణ పరిశోధన రంగంలో ఉన్న అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు కలాం–రాజు స్టెంటును తెచ్చారు. దేశీయమైనదల్లా మంచిదని నేను అనను. ప్రతిదానికీ పరీక్ష ఫలితం చూపమంటాను, అంతే.

ధర విషయంలో ప్రభుత్వం ఒక మంచి పని చేసిందనక తప్పదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ పూత లేని స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అప్పటిదాకా పూత స్టెంటు సగటున లక్షా ఇరవై వేలు పలికేది! తర్వాత ఆ ధరలను సవరిస్తూ వచ్చారు. స్టెంటు ధర, బ్రాండు పేరు, తయారీదారు, బ్యాచి నంబరు బిల్లులో విడిగా చూపాలని కూడా ఆ ఉత్తర్వు ఆదేశించింది. ఇది సగం చీటీ. బ్యాచి నంబరు చూసి మా పెద్దమ్మ ఏం గ్రహిస్తుంది?

గుండెపోటు వచ్చి ప్రాణం మీదికొచ్చినప్పుడు పాఠాలు చెబుతూ కూర్చుంటామా అని డాక్టర్లు అడగవచ్చు. నిజమే. అప్పుడు స్టెంటు ప్రాణదాత, క్షణం ఆలస్యం కారాదు. చీటీ తర్వాత ఇచ్చినా చాలు. కాని నిలకడగా ఉన్న నొప్పితో, తీరిక ఉన్న రోజున వచ్చేవాళ్ళ సంగతి వేరు. అటువంటి 5,179 మందిమీద జరిపి 2020లో ప్రకటించిన ఇస్కీమియా పరిశీలనలో, మందులతోపాటు స్టెంటో బైపాసో చేసినందువల్ల నొప్పి బాగా తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. అది తెలుసుకొని నిర్ణయించుకొనే హక్కు రోగికి లేదా? చెప్పినా వీళ్ళకు అర్థం కాదన్నది మరో మాట. మొలక శాతం అర్థమైనవాడికి మైక్రాను అర్థం కాకపోదు, చెప్పే ఓపిక కావాలి గాని.

కాబట్టి నేను కోరేది ఒక్క కాగితం, తెలుగులో. ఏ లోహం? కమ్మీ మందమెంత? పూత మందు ఏది? ఏ పరీక్షలో ఏమి తేలింది? ఇప్పుడే ఎందుకు అవసరం? మాత్రలు ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది? ఈ ఆరు జవాబులు చాలు. చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, జువాలజీ విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తే, మన లెక్చరర్లు తప్పులు దిద్దితే, ఊళ్ళో వైద్యులెవరైనా ఒకసారి చదివి పెడితే, ఈ ఆరు ప్రశ్నలను కరపత్రంగా అచ్చువేయించటం మన విద్యార్థి సంఘానికి పెద్ద ఖర్చు కాదు. ఎన్నికలకు అచ్చువేసే పోస్టర్ల ఖర్చులో పదోవంతు చాలు. దసరా సెలవులకు ఊరికి వెళ్ళే ప్రతి విద్యార్థీ పది కాగితాలు సంచిలో పెట్టుకొని వెళితే, ఈసారి ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడే రైతు ‘ఇండియాదా, ఫారిన్‌దా’ అన్నదానికి జవాబు వెతుక్కోడు. తనే అడుగుతాడు: “కమ్మీ మందం ఎంతండీ?”

(బి.యస్సీ. మూడవ సంవత్సరం)