దొడ్డిగుమ్మానికీ తాళం ఉండాలి

శుక్రవారం ఉదయం. థియేటర్ ముందు బ్యాండు మోగుతోంది. కటౌట్‌కు పూలదండ పడింది. హాలు నిండింది. తెర మాత్రం వెలగలేదు. బొమ్మ లోపలే ఉంది... దాన్ని తెరిచే తాళంచెవే కనిపించడం లేదు. వెతగ్గా వెతగ్గా మేనేజరు మెయిల్లో, స్పామ్ అరలో దొరికింది!

ఏ థియేటర్‌కైనా ఎదురుకాగల తిప్పలే ఇవి. రీళ్ల కాలంలో 'బాక్స్ వచ్చిందా?' అన్నది ఊరందరి ప్రశ్న. ఇప్పుడు సినిమా హార్డ్‌డిస్కులోనో ఉపగ్రహం ద్వారానో ముందుగానే చేరిపోతోంది, తాళం వేసుకుని. ఆ తాళం తీసే చిన్న ఫైలు పేరు కేడీఎం. ఫలానా హాల్లోని ఫలానా యంత్రం మీద, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే అది పనిచేస్తుంది. పక్క హాలుకు తీసుకెళ్లినా పనికిరాదు. చాలాచోట్ల అది వచ్చేది మెయిల్లోనే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 2013 సెప్టెంబరును గుర్తుచేసుకోవాలి. 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే దాదాపు గంటన్నర సినిమా నెట్‌కెక్కింది. అక్టోబరులో రావాల్సిన చిత్రాన్ని హడావుడిగా సెప్టెంబరు 27నే విడుదల చేయాల్సి వచ్చింది.

అందుకే విడుదల ముందురోజు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఆఫీసుల్లో అందరి కళ్లూ మెయిల్ మీదే. అక్కడ గురువారం అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే? 'ఇంకో సర్వర్ కూడా పెట్టేద్దాం' అన్న ఆలోచన వెంటనే వస్తుంది. ఆలోచన మంచిదే. చిక్కల్లా దాన్ని పెట్టే తీరులోనే.

ఒక సంస్థకు మెయిల్ పంపగానే, దాన్ని ఏ సర్వర్‌కు ఇవ్వాలో చెప్పే చిన్న జాబితాను పంపేవారి సర్వర్ చూస్తుంది. దాని పేరు ఎంఎక్స్ రికార్డు. 1986 నుంచీ ఉన్న పద్ధతే. ప్రతి సర్వర్‌కూ ఒక అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్నదాన్ని ముందు తట్టాలి. అది పలకకపోతే తర్వాతిది. ఇంట్లో ఎవరూ లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని పక్కింట్లో ఇచ్చి వెళ్లినట్టన్నమాట.

స్పామర్లకు ఈ కిటుకు ఎప్పుడో తెలిసిపోయింది. ముందు గుమ్మం దగ్గర వడపోత గట్టిగా ఉంటుందని, వాళ్లు కావాలనే పెద్ద అంకె ఉన్న సర్వర్‌ను తడతారు. 'ఎప్పుడో గానీ పనిపడదులే' అని దాని మీద ఫిల్టర్ పెట్టని ఆఫీసులే వాళ్లకు వరం. పైగా అక్కడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని అసలు సర్వర్ మనవాడు తెచ్చిందే కదా అని నమ్మి లోపలికి రానిస్తుంది. వీధి గుమ్మానికి ఇత్తడి తాళం, దొడ్డిగుమ్మం బార్లా!

ఇంకో ప్రమాదమూ ఉంది. ఆఫీసులో ఎవరెవరికి మెయిల్ చిరునామా ఉందో రెండో సర్వర్‌కు చెప్పకపోతే, లేనివాళ్ల పేరిట వచ్చినవీ పుచ్చేసుకుంటుంది. తర్వాత అసలు సర్వర్ కాదనగానే 'చేరలేదు' అంటూ తిప్పి పంపుతుంది. స్పామర్ పెట్టేది దొంగ చిరునామా కాబట్టి ఆ జవాబులన్నీ ఏ పాపం ఎరగనివాళ్ల మీద పడతాయి. అలా వాన కురిపించిన సర్వర్ బ్లాక్‌లిస్టుకెక్కుతుంది. దాని మీదుగానే ఆఫీసు మెయిళ్లూ బయటికెళ్తుంటే, అవి కూడా అవతలివాళ్ల స్పామ్ అరలో పడతాయి. స్పామ్‌కు దారి వదిలినవాళ్ల ఉత్తరమే చివరికి స్పామ్ అవుతుంది.

అసలు రెండోది తప్పనిసరా? సర్వర్ కాసేపు ఆగినంత మాత్రాన ఉత్తరం పోదు. పంపినవారి సర్వర్ దాన్ని దాచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ఆశ వదులుకోకూడదన్నది నియమం. అయితే 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అంటేనే అది మళ్లీ వస్తుంది. 'అలాంటివారెవరూ లేరు' అంటే అటునుంచి అటే. 2020 డిసెంబరు 15న జీమెయిల్లో జరిగింది అదే. ఉన్న చిరునామాలనే కొన్ని గంటలపాటు లేవంటూ ఉత్తరాలను తిప్పికొట్టింది. అంతటివాళ్లకే తప్పలేదు!

మామూలు ఉత్తరం నాలుగు రోజులు ఆగగలదు. శుక్రవారం ఆట నాలుగు నిమిషాలు ఆగదు. కాబట్టి రెండో సర్వర్ పెట్టుకునేవాళ్లు మొదటిదానికున్న ఫిల్టరే, చిరునామాల జాబితానే దానికీ ఇవ్వాలి. అనుమానం వచ్చిన మెయిల్‌ను చెరిపేయకుండా పక్కన పెట్టించి, రోజూ ఒకరు చూడాలి. తాళంచెవులు పంపే సంస్థల పేర్లను నమ్మకస్తుల జాబితాలో ముందే చేర్చాలి. నెలకోసారి మొదటి సర్వర్‌ను కావాలనే ఆపి, రెండోది పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. మెయిల్ సేవను అద్దెకు తీసుకున్నవాళ్లయితే ఇవన్నీ ఉన్నాయా అని అడగాలి. వీటన్నిటికీ తోడు 'అందిందా?' అని ఒక్క ఫోన్ కొట్టాలి.

కాలేజీ సీటు కబురో, ఇంటర్వ్యూ పిలుపో ఎదురుచూసే ఇళ్లలోనూ అంతే. వారానికోసారి ఆ స్పామ్ అరలోకి తొంగిచూడాలి. ఎవరి శుక్రవారం అందులో ఇరుక్కుపోయిందో ఎవరికి తెలుసు!