మహేంద్రగిరి మీద ఒక పగలు

మన పర్లాకిమిడి వైపు తెలుగు ఇండ్లలో మహేంద్రగిరి పేరు ఎరుగనివారుండరు. కాలినడకన ఎక్కినవారు మాత్రం తక్కువే. మోటారు దారి ఉండగా నడక ఎందుకండీ అంటారు. అన్నవారిలో మా వదినగారు మొదటివారు. అయినా ఆశ్వయుజంలో ఒక ఆదివారం మూడిండ్ల వాళ్ళం, పిల్లలతో పదకొండుమందిమి, పులిహోర మూటలతో బయలుదేరాము. సామాను వేసుకొని వ్యాను దారిన రావాలని, అది పైన కనిపెట్టుకొని ఉండాలని వదినగారే పట్టుబట్టారు.

ఈ కొండ ఎత్తు 1,501 మీటర్లు. వేయి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది గనుక, కింద చెమటలు పట్టిన పూటనే పైన శాలువా వెదుక్కోవలసి వస్తుంది. పైగా సముద్రం దగ్గర. అక్కడి తడిగాలి కొండకు తగిలి పైకి లేచి, చల్లబడి మబ్బవుతుంది. ఇంటి డాబా మీద ఆకాశం చూసి ప్రయాణం నిశ్చయించుకొంటే లాభం లేదు.

ఎనిమిదింటికి ఎండ. పది దాటేసరికి మబ్బు దిగి, ముందు నడిచే పిల్లలు కనబడలేదు. పేర్లు పెట్టి పిలుచుకొంటూ, బావగారి నడకకు అందరమూ తగ్గి పోయాము. మళ్ళీ ఎండ. కుంతి గుడి చేరేసరికి పన్నెండయింది. ఈ కొండమీది గుళ్ళలోనే రాజేంద్రచోళుని శాసనం ఉంది. చోళుల పులి, దాని ముందు పాండ్యుల చేపలు.

శిఖరాన భీముని గుడి, పెద్ద పెద్ద రాళ్ళతో కట్టినది. మా మేనల్లునికి దానిమీదే మనసు. "మామయ్యా, అరగంటలో వచ్చేస్తాం" అన్నాడు. అప్పుడే పడమట ఉరిమింది. కట్టెలమోపు దించుకొని కూర్చున్న సవర పెద్దాయన ఒడియా, తెలుగు కలిపి ఏదో చెప్పి, వద్దని చేయి ఊపాడు. (ఆయన భాషను గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉండగా నేర్చి, పుస్తకాలు వ్రాశారు. మనలో ఇప్పుడు నాలుగు మాటలు వచ్చినవారెందరో!)

మెరుపు నుండి ఉరుము దాకా పిల్లలచేత లెక్కపెట్టించాను. పద్దెనిమిది సెకన్లు. కిలోమీటరుకు మూడు చొప్పున, ఆరు కిలోమీటర్లు. మరుసటిసారి పన్నెండే. ఉరుము చెవిని పడిందంటేనే పిడుగు అందే దూరంలో ఉన్నట్టు. బోడిశిఖరం మీద ఎత్తుగా నిలిచేది మనిషే. చెట్టు కిందికి పోవడమూ అపాయమే.

"ఇంత దూరం వచ్చి తిరిగిపోవడమా?" అన్నాడు వాడు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"భీముడు ఎక్కడికీ పోడురా, పద" అన్నారు బావగారు.

వ్యానులోకి చేరి తలుపులు వేసుకొన్నామో లేదో, కుండపోత. ఎదుటి గట్టున ఒక చెట్టు మీద పిడుగు పడింది. చిన్నపిల్ల వదినగారి ఒడిలో ముఖం దాచుకొంది. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి తలుపు తీసేసరికి మూడున్నర. మళ్ళీ ఎండ! ఆకలిమీద ఉన్నామేమో, పులిహోర ఒక్క మెతుకు మిగలలేదు.

మేనల్లుడు మరునాటిదాకా నాతో మాట్లాడలేదు. మార్గశిరంలో మళ్ళీ పోదామనుకొన్నాము. వచ్చేవారు గొడుగులు కాక రెయిన్‌కోట్లు తెచ్చుకోవాలి. ఆ గాలికి మావి మూడు తిరగబడి పోయినవి.