కొత్త కవర్ వేసినంత మాత్రాన పాత సీటు బాగవ్వదు



మిరప కోతలు అయిపోయినయ్. తొలకరి దుక్కులకి ఇంకా టైముంది. ఈ ఖాళీలో మనలో చాలామంది బండి పని పెట్టుకుంటారు. పాత మారుతీ 800 గానీ, ఓమ్నీ గానీ, ట్రాక్టరు గానీ, ఎవరికి ఉన్నది వాళ్లు చూసుకుంటారు. ఆయిలు మారుస్తాం, టైర్లు చూస్తాం, బ్యాటరీ చూస్తాం. సీట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే ఆలోచన. టౌనుకి పోవటం, తళతళలాడే కవర్ల సెట్టు ఒకటి తొడిగించుకు రావటం.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. లోపల చెడిపోయిన సీటు మీద కొత్త కవర్ తొడిగితే జబ్బుని దాచిపెట్టినట్టే. ఆ డబ్బులోనే సీటు లోపలి పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. అట్లాగే కొన్ని పనులు మాత్రం మనం అస్సలు ముట్టుకోకూడదు. రెండూ విడమర్చి రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు సీటు ఎట్లా చెడుతుందో చూడండి. డ్రైవర్ సీటుకి తలుపు వైపు అంచు ముందు నలుగుతది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మన బరువంతా ఆ అంచు మీదే పడుతుంది గదా. అక్కడ ఫోము అణిగిపోతే మనం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాం. మనకి తెలియదు, నడుముకి తెలుస్తది. రెండోది మన ఊళ్ల సంగతి. కారులోనే విత్తనాల బస్తా తెస్తాం, వడ్లు తెస్తాం. నాలుగు గింజలు సీటు సందుల్లో పడతాయ్. వాటికోసం ఎలుక వస్తది, ఫోము కొరికి గూడు పెడతది. మూడోది ఎండ. పైన రెగ్జిన్ ఎండి పగులుతది, ఆ పగులులోంచి నీళ్లు దిగి ఫోము మాగుతది, కింద రేకు తుప్పు పడతది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పైన కవర్ వేస్తే పోదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో బండ్లు ఎట్లా మునిగినయ్యో మనందరం చూశాం. నీళ్లలో నానిన సీటుకైనా కొత్త కవర్ వేస్తే పైకి కొత్తదే. అందుకని బేరం ఆడేముందు కవర్ ఎత్తి చూడండి. పిడికిలితో సీటు గట్టిగా నొక్కి వదలండి, వెంటనే పైకి లేవాలి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. సీటు కింద పట్టాలకీ బోల్టులకీ తుప్పు ఉందేమో వంగి చూడండి. ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూసే మనం, సీటు ఎత్తి చూడటానికి సిగ్గుపడకూడదు.

ఇక పని సంగతి. పోయిన ఎండాకాలం మా మారుతీ ముందు సీట్లు రెండూ నేనూ మా అబ్బాయీ ఇంటి ముందు వేపచెట్టు కిందే చేసుకున్నాం. రెండు రోజులు పట్టింది. షాపులో అడిగిన దాంట్లో సగం కూడా కాలేదు.

సీటు నేలకి సాధారణంగా నాలుగు బోల్టుల మీద ఉంటది. విప్పేముందు ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. పాత కవర్‌ని కింద ఇనుప రింగులతో బిగించి ఉంటారు, కటింగ్ ప్లేరుతో ఒక్కొక్కటీ తీయండి. గుడ్డని లాగి చింపొద్దు. కుట్ల దగ్గర బ్లేడుతో విప్పి, ప్రతి ముక్క మీద సుద్దతో నంబరు వేసుకోండి. ఏ ముక్క దేనికి కలుస్తుందో అడ్డంగా గీత పెట్టుకోండి. ఆ పాత ముక్కలే మీకు కొలత. వాటిని కొత్త రెగ్జిన్ మీద పరిచి చుట్టూ గీసి కోస్తే సరిపోతది. కుట్టుకి కావాల్సిన అంచు అందులోనే ఉంటది, మళ్లీ కలపొద్దు. సాగిపోయిన ముక్క ఉంటే దాన్ని నమ్మకుండా, దానికి ఎదురుగా రెండో వైపు ఉన్న మంచి ముక్కని తిరగేసి వాడుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, ఫోము. మొత్తం మార్చాల్సిన పని ప్రతిసారీ ఉండదు. వేళ్ల మధ్య నలిపితే పొడి రాలుతుందంటే దాని పని అయిపోయినట్టు. రాలకుండా ఒక అంచు మాత్రమే అణిగి ఉంటే, అంత మేర చదరంగా కోసి కొత్త ముక్క అతికిస్తే చాలు.

కొత్త ఫోము కొనేటప్పుడు డెన్సిటీ అడగండి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందనే లెక్క. కూర్చునే సీటుకి 40 దగ్గర ఉంటే మంచిది. 20 డెన్సిటీది మెత్తగా, ఎత్తుగా, చవగ్గా కనిపిస్తది. అది తాలు గింజ లాంటిది. చూడటానికి గింజే, లోపల బియ్యం ఉండదు. నాలుగు నెలల్లో చాపలాగా అయిపోతది. మాట మీద నమ్మకం లేకపోతే తూకం వేయించండి. 18 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీది అయితే 850 గ్రాముల దగ్గర తూగాలి. 20 డెన్సిటీది అయితే 425 గ్రాములే తూగుతది. వడ్లు తూకం వేయకుండా అమ్మం గదా, ఫోము మాత్రం తూకం లేకుండా ఎందుకు కొనాలి?

అతికించటానికి రెగ్జిన్ పనికి వాడే రబ్బరు గమ్ము తీసుకోండి. చెక్కపనికి వాడే తెల్ల గమ్ము కారులో వేడికి, చెమ్మకి నిలవదు. రబ్బరు గమ్ము రెండు వైపులా పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటకుండా జిగటగా ఉన్నప్పుడు కలిపి నొక్కాలి. అది నిప్పు అంటుకునే సరుకు, వాసన కూడా తలకెక్కుతది. గదిలో వద్దు, బయట గాలిలో చేయండి. బీడీలూ సిగరెట్లూ దగ్గరికి రానీయొద్దు. రెగ్జిన్‌ని తొడిగేముందు కాసేపు ఎండలో పరిస్తే మెత్తబడి ముడతలు లేకుండా సాగుతది. ఈ పనికి ఎండాకాలమే మంచిదని నేను అనేది అందుకే.

కుట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. కుట్టు ఒక్కటే ఊడి, గుడ్డ బాగుంటే సీటు విప్పే పని కూడా లేదు. వంకర సూదికి నైలాన్ దారం ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టేయొచ్చు. గోతాలు కుట్టే దబ్బనం పట్టిన చెయ్యికి ఇది కొత్త కాదు. కవర్ మొత్తం కొత్తది అయితే మాత్రం జాకెట్లు కుట్టే మిషను ఆ మందానికి ఆగదు. పట్టాలు, సంచులు కుట్టే దర్జీకి ఇవ్వండి. నూలు దారం వేయనీయొద్దు, చెమటకి చీకిపోతది. చెప్పులు కుట్టే ఆయన కూడా ఈ పని చక్కగా చేస్తాడు. మీరు కోసి, నంబర్లు వేసి ఇస్తే వాళ్లకీ సులువు. మన డబ్బు నాలుగు రూపాయలు మన ఊళ్లోనే తిరుగుతది.

ఇక్కడ మా బావమరిది మాట చెప్పాలి. "బావా, నీకెందుకీ దర్జీ పని? ఆ రెండు రోజులు ఎక్కడన్నా కిరాయికి ట్రాక్టరు తోలుకుంటే కవర్లకి డబ్బులు రావా?" అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. పనుల రోజుల్లో అయితే నేనూ షాపుకే ఇస్తా. కానీ పని లేని రోజుల లెక్క వేరు. ఆ రోజుల్లో మన చెయ్యి ఖాళీ, జేబు కూడా ఖాళీయే. పైగా ఒకసారి విప్పి బిగించినోడు రెండోసారి ఎవరి చేతిలోనూ మోసపోడు. ఇంకో మాట, దర్జీ పని, చెప్పుల పని అని చిన్నచూపు ఎందుకు? నాగలి పట్టిన చెయ్యి సూది పడితే తక్కువైపోదు.

ఇప్పుడు ముట్టుకోకూడని పనులు. ఇవి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది ఎయిర్‌బ్యాగులు. 2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, ముందు సీట్ల రెండింటికీ బెల్టు హెచ్చరిక తప్పనిసరి చేశారు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు స్టీరింగులోనే ఉంటది. అట్లాంటి బండికి స్టీరింగు విప్పి తోలు చుట్టే పని ఇంట్లో పెట్టుకోవద్దు. కొన్ని బండ్లలో సీటు పక్కన కూడా ఉంటది, ఆ సీటు కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగు అని చిన్న ట్యాగు కనిపిస్తది. ప్రమాదంలో ఆ కుట్టు చించుకునే అది బయటికి రావాలి. మనం గట్టి నైలాన్ దారంతో కుట్టినా, మందం కవర్ బిగించినా అది తెరుచుకోదు. సీటు కింద పసుపు రంగు వైరు కనిపిస్తే ఆగిపోండి. ఆ పని తెలిసినవాళ్ల దగ్గరికి పోండి. నేను ఇంటి దగ్గర చేసుకోమనేది ఇవేవీ లేని పాత బండ్ల సీట్లని.

రెండోది సీటు బెల్టు. నలిగినా, దారం లేచినా కుట్టొద్దు, అతికించొద్దు. కొత్తది వేయించాల్సిందే. సీటు తిరిగి బిగించాక నాలుగు బోల్టులూ గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూడండి. ముందుకీ వెనక్కీ జరిపి, లాకు పడుతుందో లేదో కూడా చూడండి.

మూడోది నిప్పు. కారు లోపల వాడే గుడ్డ, ఫోము నెమ్మదిగా మండేట్టు ఉండాలని ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. ఇంట్లో పాత పరుపు కోసి సీటులో పెట్టుకుంటే ఆ భరోసా ఉండదు. బండ్ల సీట్లకి అమ్మే సరుకే అడిగి తీసుకోండి.

ట్రాక్టరు గురించి చెప్పకుండా ఆపలేను. కారుకి చక్రాల దగ్గర స్ప్రింగులు ఉంటాయ్. మన ట్రాక్టర్లకి వెనక ఇరుసు మీద అవి ఉండవు. గట్టు మీద పడిన ప్రతి కుదుపూ టైరు దాటి నేరుగా మన కిందికి వస్తది. మధ్యలో అడ్డం ఉన్నది ఆ సీటూ, దాని కింద స్ప్రింగూ, అంతే. ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలేవాళ్లకి నడుము నొప్పి ఎక్కువని డాక్టర్లు ఎప్పట్నుంచో చెప్తున్నారు. అయినా మనం ఏం చేస్తున్నాం? చిరిగిన సీటు మీద గోతాం మడిచి వేసుకుని దమ్ము చేస్తున్నాం. వేలు పోసి డిస్కులు, రోటవేటర్లు కొంటాం, నాలుగు అంగుళాల ఫోముకి మాత్రం చెయ్యి రాదు. మన తర్వాత ఆ సీటు మీద కూర్చునేది మన పిల్లలే.

ట్రాక్టరు సీటు అన్నిటికన్నా తేలిక. మంచి ఫోము, దాని మీద వాన దిగకుండా మందం ప్లాస్టిక్ పట్టా, పైన రెగ్జిన్. కింద రేకుకి నీళ్లు జారే రంధ్రాలు పూడిపోకుండా చూడండి. చాలా ట్రాక్టర్లకి మనిషి బరువుని బట్టి స్ప్రింగు బిగువు మార్చుకునే మర ఉంటది. దానికి కాస్త గ్రీజు పెట్టి, మీ బరువుకి సర్దుకోండి. బండి నిలిపాక సీటు మీద ఏదన్నా కప్పండి, ఎండకి పగలదు.

తొలకరి పడితే మనకి ఊపిరాడదు. ఈలోపే ఒక పూట సీటు ఎత్తి లోపల చూడండి. బాగుంటే దులిపి పెట్టేయండి. చెడిపోయి ఉంటే కవర్ కొనే ముందు ఫోము తూకం వేయించండి. మీ ఊళ్లో ఈ కుట్టు పని బాగా చేసే మనిషి ఎవరన్నా ఉంటే పక్కూరి రైతులకి కూడా చెప్పండి, ఆయనకీ పని దొరుకుద్ది.