అప్పు ఎవరిదో అడగని నిబంధన

గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఒకనాటి ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు అక్కడే తలుపులు తెరిచింది. ఆ తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ పరీక్షలకు చదివే ఆడపిల్లలకు బ్యాంకు ఉద్యోగం అంటే జీతం మాత్రమే కాదు, ఇంట్లో తమ మాటకు విలువ. అయితే పరీక్ష రాసి, ఇంటర్వ్యూ గట్టెక్కినా ఇప్పుడు ఇంకో గండం ఉంది.

అప్పులు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగవేసిన రికార్డు ఉన్నా, సిబిల్ వంటి సంస్థలు ప్రతికూల నివేదిక ఇచ్చినా నియామకానికి అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన ప్రకటనల్లో రాసింది. మిగతా ప్రభుత్వ బ్యాంకులకు ఎంపిక జరిపే ఐబిపిఎస్ 2023లో ఏకంగా 650 స్కోరు ఉండాలంది. ఆ అంకెను తీసేశామని ప్రభుత్వం 2025 ఆగస్టులో లోక్‌సభకు చెప్పింది. కాని ఉద్యోగంలో చేరేనాటికి రుణచరిత్ర బాగుండాలన్న షరతు ఉందని కూడా చెప్పింది. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు, నియామక పత్రం ఇచ్చాక సిబిల్ నివేదిక చూసి రద్దు చేసిన స్టేట్ బ్యాంకు నిర్ణయాన్ని సమర్థించింది. ప్రజల డబ్బుతో వ్యవహరించేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలట.

వినడానికి సబబుగానే ఉంది. కాని ఆ నివేదికలో అంకె ఉంటుంది, బాకీ ఎన్ని రోజులు ఆగిందో ఉంటుంది. ఎందుకు ఆగిందో ఉండదు. మన ఇళ్లలో స్త్రీల సంతకాలు ఎలా పడతాయో మనకు తెలియదా? "ఇక్కడ పెట్టు" అంటే పెట్టడమే. భర్త వ్యాపారానికి భార్య జామీను. కాపురం చెడి ఆమె పుట్టింటికి చేరాక అతను వాయిదాలు మానేస్తాడు. మచ్చ ఆమె పేరు మీద పడుతుంది. స్త్రీని ఆర్థికంగా పీడించడం హింసేనని 2005 గృహహింస చట్టం ఒప్పుకుంది. ఆ హింస మిగిల్చిన బాకీనే బ్యాంకు ఆమె క్రమశిక్షణా రాహిత్యంగా లెక్కవేస్తే, అదే దెబ్బ రెండోసారి కొట్టడం కాదా?

ఇక చదువు అప్పు సంగతి. అందులో అసలు రుణగ్రహీత విద్యార్థినే, తల్లో తండ్రో సహ రుణగ్రహీత. చదువు అయ్యాక ఉద్యోగం రాలేదు, వాయిదాలు ఆగాయి. వాయిదాలు ఆగాయి కనుక బ్యాంకు ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం లేనిది అప్పు ఎలా తీరుస్తుంది? ఈ ప్రశ్నకు ఏ నోటిఫికేషన్లోనూ జవాబు లేదు.

సంఘాల్లో పనిచేసేవారికి మరో సంగతి చెప్పనక్కర్లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ సంస్థల వేధింపులు, ఆత్మహత్యలు, అక్టోబరు ఆర్డినెన్సు తర్వాత లక్షలాది స్త్రీల కిస్తీలు ఆగిపోయాయి. పొదుపు సంఘాల అప్పుల వివరాలను కూడా సభ్యురాలి వారీగా రుణ సమాచార సంస్థలకు పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. గుంపు అప్పు కాస్తా ఒక్కొక్కరి చరిత్ర అయింది.

అప్పుల్లో కూరుకుపోకూడదన్న నియమం కొత్తదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 17వ నియమం అదే. అయితే అందులో, దుబారా వల్ల కాక తన చేతిలో లేని పరిస్థితుల వల్ల అప్పు అయిందని నిరూపించుకునే వీలుంది. అమెరికాను ఆదర్శంగా చూపడం మనకు అలవాటు లేదు గాని, అక్కడ దేశ రహస్యాలు చూసే ఉద్యోగాలకు ఇచ్చే భద్రతా అనుమతికి కూడా అప్పుల విచారణ ఉంది. 2017లో అమల్లోకి వచ్చిన వాళ్ల మార్గదర్శకాల్లో ఉద్యోగం పోవడం, అనుకోని జబ్బు, మరణం, విడాకులు, భార్యాభర్తలు విడిపోవడం, దోపిడీ అప్పుల బారిన పడడం వంటి కారణాలను పేరుపేరునా రాశారు. వాటివల్ల అప్పయిన మనిషి బాధ్యతగా నడుచుకుంటే ఆ సంగతి పరిగణించాలన్నారు. సైనిక రహస్యాలు అప్పగించడానికి ముందు అడగగలిగిన ప్రశ్న, కౌంటర్లో గుమాస్తా ఉద్యోగం ఇచ్చేటప్పుడు అడగలేమా?

మన కౌన్సెలింగుకు వచ్చే స్త్రీలను, ఏ కాగితాల మీద సంతకాలు పెట్టారో ముందే అడగడం అలవాటు చేసుకోవాలి. ఏడాదికి ఒకసారి రుణ నివేదిక ఉచితంగా ఇస్తారు. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి, లేకుంటే రోజుకు 100 రూపాయల పరిహారం. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. కాని ఇది తప్పుడు నివేదికకే మందు. నివేదిక నిజమై, అప్పు మాత్రం ఆమె చేసింది కానప్పుడు ఇది పనికిరాదు.

కనుక మనం స్టేట్ బ్యాంకును, ఐబిపిఎస్‌ను, ఆర్థిక శాఖను అడగాల్సింది ఇది: ప్రతికూల నివేదిక ఉంటే ముందు నోటీసు ఇవ్వాలి, ఆమె చెప్పేది వినాలి. జామీను బాకీ, విడిపోయిన భర్త బాకీ, చదువు అప్పు, గుంపు అప్పు వేరుగా చూడాలి. నియామకం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాలన్నా ఆ కాగితం చేతిలో ఉండాలి కదా.