సీటుకు డబ్బు కట్టేముందు ఒక్క తెల్లవారుజాము మాతో రండి

బైపీసీ చదివిన పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు మనవి.

నీట్ ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి మీ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "ఎంబీబీఎస్ రాకపోతేనేం సార్, యానిమల్ సైన్స్ ఉంది కదా, అదీ డాక్టరే. బయటి రాష్ట్రంలో సీటు మా చేతిలో ఉంది. రేపటికల్లా లక్ష అడ్వాన్సు వేయండి" అంటాడు అవతలివాడు. వేయకండి. అసలు చదివించొద్దని మేం అనడం లేదు. రేపటికల్లా మాత్రం వేయకండి.

మేమంతా ఈ చదువే చదివి పలమనేరు చుట్టుపక్కల పాడి ఆవుల మధ్య బతుకుతున్నవాళ్లం. మాలో డిగ్రీవాళ్లున్నారు, డిప్లొమావాళ్లున్నారు. చదువు మీద మాకు కోపం లేదు. దాన్ని అమ్ముతున్న తీరు చూసే ఈ కాగితం అచ్చు వేయించాం.

ముందు పేరు దగ్గరే మోసపోతారు. యానిమల్ సైన్స్ అని బోర్డు పెట్టిన ప్రతి డిగ్రీ పశువైద్యం కాదు. మీ పిల్ల పశువుల డాక్టరు కావాలంటే చదవాల్సింది బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఆ కాలేజీకి వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. పాసయ్యాక కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. 1984 నాటి చట్టం ప్రకారం ఆ నమోదు లేనివాళ్లు పశువైద్యం చేయకూడదు. డిప్లొమావాళ్లు డాక్టరు పర్యవేక్షణలో చిన్న చిన్న చికిత్సలు చేయొచ్చు, అదీ ప్రభుత్వం అనుమతిస్తేనే. మూడేళ్ల బీఎస్సీ పట్టా తెచ్చుకుని మెడలో స్టెతస్కోపు వేసుకుంటానంటే కుదరదు. ఆ బీఎస్సీ పనికిమాలినదని కాదు, దాణా కంపెనీలోనో ల్యాబులోనో అక్కరకొస్తుంది. డాక్టరు చదువు ధర పెట్టి దాన్ని కొనొద్దంటున్నాం, అంతే.

ఆంధ్రలో పశువైద్య కాలేజీలు తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో ఉన్నాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. మనకు దగ్గరున్న తిరుపతి కాలేజీ 1955 నాటిది. వీటిలో కౌన్సెలింగ్ సీటు వచ్చి, పిల్లకు ఇష్టమూ ఉంటే ఇంకేం ఆలోచించొద్దు, చేర్చండి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా. అవి నీట్ ర్యాంకు మీద కౌన్సిల్ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. ఏ ఏజెంటు జేబులోనూ ఉండవు.

గొడవంతా సీటు కొనేచోటే. పలకా బలపం తీసుకుని మాతో కూర్చోండి. చదువు ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఫీజు, హాస్టలు, రైలు ఛార్జీలు కలిపి పదిహేను లక్షలు అప్పు చేశారనుకుందాం. పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 20,240 రూపాయల కంతు. చదివే రోజుల్లో పేరుకునే వడ్డీ ఇందులో లేదు. మీవాడితో పాటు ఇంటర్ పాసై ఇంజనీరింగులో చేరినవాడు ఏడాదిన్నర ముందే జీతం అందుకుంటాడు. ఆ డబ్బూ ఖర్చు కిందే రాసుకోవాలి. దీన్ని మాత్రం ఎవరూ రాసుకోరు.

ఇక రాబడి వైపు. అందరి చూపూ సర్కారు కొలువు మీదే. కొలువు మంచిదే. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు మూలవేతనం 54,220 నుంచి మొదలు. పోస్టులెన్ని? 185. రాష్ట్రం మొత్తానికి. ఏటా కాలేజీల నుంచి వచ్చే పిల్లలంతా ఆ వరసలోనే నిలబడాలి. ఈలోపు 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య అంబులెన్సుల్లో కాంట్రాక్టు పని చేసుకోవచ్చు. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పరీక్షకూ ఈ డిగ్రీ చెల్లుతుంది. సైన్యంలో రిమౌంట్ వెటర్నరీ కోర్ అని ఒకటుంది, ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అమెరికా అంటారా, ఇక్కడి పట్టా ఒక్కటే అక్కడ చాలదు. ఈసీఎఫ్‌వీజీ గానీ పేవ్ గానీ అనే అర్హత ధ్రువీకరణ దాటి, నావ్లే పరీక్ష రాసి, ఆపైన ఆ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. దానికి ఇంకో సంచి డబ్బు కావాలి.

ఈ కాగితం రాస్తున్న నా మొదటి ఉద్యోగం ఒక మందుల కంపెనీలో. పేరెందుకులెండి. బండి వెనక కాలేయం టానిక్కు డబ్బాలు, నెలనెలా టార్గెట్టు. పద్నాలుగు నెలల్లో ఒక్క గొడ్డు ఒంటి మీద చెయ్యి వేయలేదు. కోళ్ల ఫారాల వాకిళ్లలో నిలబడి "సార్, ఈ నెల రెండు పెట్టెలు తీసుకోండి" అని బతిమాలడమే పని. దానికి ఐదున్నరేళ్ల చదువు ఎందుకో ఇప్పటికీ తెలియదు.

అలాగని ఈ పనిలో తృప్తి లేదనుకోకండి. మొన్న చలికాలం ఒక రాత్రి మూడు గంటలప్పుడు ఫోను వచ్చింది. సంకర జాతి హెచ్ఎఫ్ ఆవు, ఈని రెండో రోజు, పూటకు పది లీటర్లిచ్చేది కూలబడిపోయింది. వెళ్లి చూస్తే మెడ డొక్క వైపు మడిచి పడుకుని ఉంది, చెవులు మంచుముక్కల్లా ఉన్నాయి. పాలజ్వరం. పేరే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. ఒక్కసారిగా పొదుగులోకి పాలు దిగి, రక్తంలో కాల్షియం పడిపోతే వచ్చే జబ్బు ఇది. కాల్షియం సీసాను వేన్నీళ్లలో పెట్టి వెచ్చచేసి, మెడ నరంలోకి సూది ఎక్కించి, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో గుండె మీద స్టెతస్కోపు పట్టుకుని కూర్చోవాలి. తొందరపడి గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ ఇంటామె లాంతరు పట్టుకుని "లేస్తాదా నాయనా, లేస్తాదా" అని అడుగుతూనే ఉంది. సీసా అయిపోయే వేళకు ఆవు ఒళ్లు వణికించింది, తేన్చింది, పేడ వేసింది. ఇంకాసేపటికి లేచి నిలబడింది. ఆమె నా చేతిలో రెండొందలు పెట్టి, సంచీలో సొరకాయ వేసింది. ఆ ఆవు డెబ్బై వేలది. ఆ ఇంటి వాయిదాలన్నీ దాని పాల మీదే నడుస్తున్నాయి.

ఆ రాత్రి మీ పిల్లకు నచ్చుతుందా? ఇష్టం లేనివాళ్లకు ఈ పని నరకం. మాయ తీస్తే వారం దాకా చేతికి వాసన పోదు. గొడ్డు తంతుంది. ఈసుకుపోయిన ఆవును చేతి తొడుగు లేకుండా ముట్టుకుంటే బ్రూసెల్లా అంటుకుని నెలల తరబడి జ్వరాలు, కీళ్లనొప్పులు. మాలో ఒకరు ఆ బాధ పడి లేచారు. ఎంబీబీఎస్ రాలేదన్న ఏడుపుతో వచ్చిన పిల్లలు రెండో ఏడాదికే ముఖం చాటేస్తారు, అప్పు మాత్రం చాటేయదు. ఆడపిల్లకు ఇదేం పనని ఆపకండి. మాలో చూడి పరీక్షలో అందరికంటే నిక్కచ్చిగా చెప్పేది ఒక మేడమే.

ఇంట్లో పది పాసైన తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకో మాట. పశుసంవర్ధక పాలిటెక్నిక్ రెండేళ్ల డిప్లొమా, మన పలమనేరులోనే ఉంది. 2019లో గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 9,886 ప్రకటించారు. 2023లో మళ్లీ 1,896. ఆ ఏళ్లలో ఐదున్నరేళ్లు చదివినవాళ్లు ఎదురుచూస్తుంటే, రెండేళ్లు చదివినవాళ్లు ఉద్యోగంలో చేరారు. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్లీ వస్తుందని మేం మాటివ్వలేం. ఖర్చు తక్కువ గనక పోయేదీ తక్కువ.

అందుకే వచ్చే మూడు ఆదివారాలు ఉదయం ఐదున్నరకు పలమనేరు బస్టాండు ఎదురు టీ కొట్టు దగ్గరికి రండి. పిల్లను తప్పకుండా వెంట తీసుకురండి, పిల్ల లేకుండా నాన్న ఒక్కడే వస్తే పంపించేస్తాం. అక్కణ్నుంచి పాలు పోసే ఇళ్లకు, గొర్రెల దొడ్లకు తీసుకెళ్తాం. పాత బట్టలు, కాలికి బూట్లు వేసుకోవాలి. ఏజెంటు చెప్పిన కాలేజీ పేరు, ఐదున్నరేళ్ల ఫీజు మొత్తం ఒక కాగితం మీద అతనితోనే రాయించి, సంతకం పెట్టించి తెండి. సంతకానికి అతను వెనకాడితే ఆ సంగతీ మాకు చెప్పండి. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో మీ ముందే చూస్తాం. అదే కాలేజీలో చదువుతున్న మన జిల్లా పిల్లలుంటే వాళ్లతో ఫోన్లో మాట్లాడిస్తాం.

తొమ్మిదింటికల్లా మళ్లీ బస్టాండులో దింపుతాం. రుసుము లేదు, టీ ఖర్చు మాది. ఆడపిల్లల కోసం మాతో ఇద్దరు మేడమ్‌లు ఉంటారు. వర్షం పడినా వస్తాం, ఆవులకు వర్షం సెలవు లేదు గనక.

— పశువైద్యం చదివి, పశువుల మధ్య పనిచేస్తున్న కొందరం