ఇంటర్వెల్ ఇంగ్లీషు

మొన్న మా మేనల్లుడు హోటల్ ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. "గారె ఎలా ఉంటుందో ఇంగ్లీషులో చెప్పమన్నారు మావయ్యా! 'టేస్టీ' అని ఊరుకున్నా" అన్నాడు. ఓరి నీ! వాళ్ళడిగింది రుచి కాదురా, నమిలితే ఎలా ఉంటుందని!

వెంటనే వాణ్ణి సినిమాకి లాక్కెళ్ళాను. ఇంటర్వెల్లో పాఠం మొదలు. పంటికింద పలచగా విరిగే చిప్స్ క్రిస్పీ. చప్పుడు పక్క సీటుదాకా వినబడే వేయించిన పల్లీలు క్రంచీ. పొరలు పొరలుగా ఊడే ఎగ్ పఫ్ ఫ్లేకీ. మరి చెమ్మ పట్టి మెత్తబడ్డ ఆ చల్లారిన సమోసా? సాగీ! ఇంటికొచ్చాక దూదిలాంటి ఇడ్లీ ఫ్లఫీ, సాగే జీడి చ్యూయీ.

'మాయాబజార్' (1957)లో ఎస్వీ రంగారావుగారు వంటకాలు లాగిస్తుంటే మనకి నోరూరడానికి డిక్షనరీ కావాల్సొచ్చిందా? 'కరకర', 'గుల్ల' మన నాలిక్కి ఎప్పుడో తెలుసు. వాటికి ఇంగ్లీషు పేరు తగిలించుకోవడమే!

"ఇప్పుడు చెప్పు, గారె?"

"పైన క్రిస్పీ, లోపల సాఫ్ట్ మావయ్యా!"

సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. పొద్దున్నే నాలుగు గారెలు తినిపించి మరీ పంపిస్తాను. ఏమంటారు?