పులి వేట పాప చూడొచ్చా?

సెలవురోజు సాయంత్రం. కొండాపూర్‌లోనో మణికొండలోనో ఓ అపార్ట్‌మెంట్. "కార్టూన్లు చాలు, కాస్త పనికొచ్చేది చూడు" అంటూ అయిదేళ్ల పాపకు జంతువుల కార్యక్రమం పెట్టి అమ్మ వంటింట్లోకి వెళ్లింది. పది నిమిషాల్లో ఒకటే ఏడుపు. పరుగెత్తుకొచ్చి చూస్తే తెరమీద చిరుత నోట్లో జింకపిల్ల! "అమ్మా, వాళ్లమ్మ ఎందుకు రాలేదు?" అని పాప ప్రశ్న. ఏమని చెప్పాలి?

జంతువుల కార్యక్రమాలంటే మనకో గట్టి నమ్మకం. అందులో బూతులుండవు, తుపాకులుండవు, చూస్తే జ్ఞానమే తప్ప నష్టం లేదనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ అడవిలో ఆకలి ఉంది, చావు ఉంది. వాటిని ఏ వయసులో, ఎవరి పక్కన కూర్చుని చూడాలన్నదే అసలు సంగతి.

సర్టిఫికెట్ చెప్పనిది

సినిమాలకిచ్చే యు/ఏ సర్టిఫికెట్‌ను 2024 నిబంధనలతో 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఓటీటీలకు ఇలాంటి విభజన 2021 ఐటీ నిబంధనలతోనే వచ్చింది. 13+, ఆపై వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని కూడా అందులో ఉంది. మంచిదే. కానీ ఏడేళ్ల లోపు పిల్లలకంటూ విడిగా గీత లేదు. మూడేళ్ల చంటిదానికీ ఆరేళ్ల అన్నకూ ఒకటే 'యు'.

2005లో వచ్చిన 'మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్' చిత్రానికి అమెరికాలో అన్ని వయసులవారూ చూడొచ్చన్న 'జి' రేటింగ్ ఇచ్చారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పెంగ్విన్ మరొకరి బిడ్డను లాక్కోబోయే ఘట్టం అందులోనే ఉంది. 2019లో నెట్‌ఫ్లిక్స్ 'అవర్ ప్లానెట్'లో వాల్రస్‌లు కొండమీంచి దొర్లిపడి చనిపోతుంటే పెద్దవాళ్లే తట్టుకోలేకపోయారు. చివరికి ఆ సంస్థే ఏయే నిమిషాల దగ్గర చూడకుండా దాటేయాలో ట్విటర్‌లో చెప్పాల్సి వచ్చింది. పెద్దల సంగతే ఇలా ఉంటే పసివాళ్ల మాటేమిటి?

నాయనమ్మ కథలో లేదా భయం?

"మా చిన్నప్పుడు ఇలాంటి లెక్కలున్నాయా?" అంటారు కొందరు. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆవు-పులి కథ మనలో చాలామంది విన్నదే. బిడ్డకు పాలిచ్చి వస్తానని ఆవు బతిమాలుతుంది. మాట తప్పకుండా తిరిగొస్తే పులి మనసు కరుగుతుంది. అందులోనూ చావు భయం లేకపోలేదు. అయితే ఆ కథ చెప్పేది నాయనమ్మ. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగితే కథ ఆపేది, ఒళ్లోకి లాక్కునేది. తెరకు పిల్ల కళ్లు కనబడవు. తేడా అక్కడుంది.

పైగా తెర భయాన్ని పెంచుతుంది. వేట దృశ్యానికి గుండెలదిరే సంగీతం తర్వాత కలుపుతారు. 2016 నాటి 'ప్లానెట్ ఎర్త్ 2'లో పాముల గుంపునుంచి తప్పించుకునే ఇగ్వానా పిల్లను ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసింది. అది ఒక్క ఇగ్వానా కాదు, వేర్వేరు వాటి దృశ్యాలు కలిపినవని తర్వాత నిర్మాతే చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇలాంటివి వివరిస్తే ఆసక్తిగా వింటాడు. నాలుగేళ్ల పిల్లకు మాత్రం తెరమీద కనిపించేదంతా అప్పుడే, అక్కడే జరుగుతున్నట్టుంటుంది.

మన పక్కనే ఉన్న అడవి

ఏ సర్టిఫికెట్టూ లేని డాక్యుమెంటరీ ఒకటి 2025లో మన ఇళ్లలోకే వచ్చింది. మార్చి చివర్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల స్థలంలో యంత్రాలు చెట్లు కూలుస్తుంటే, చీకట్లో నెమళ్ల అరుపుల వీడియోలు ఫోనుల్లో తిరిగాయి. ఆ భూమి తనదేనని, అది అడవి కాదని ప్రభుత్వం వాదించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. మర్నాడే వర్సిటీ ఆవరణలో ఒక చుక్కల జింక కుక్కల దాడికి చనిపోయింది. ఈలోగా కృత్రిమ మేధతో చేసిన బొమ్మలూ వాటిలో కలిసిపోయాయి. ఏది నిజమో పెద్దలకే అంతుపట్టలేదు.

ఆ రోజుల్లో మన ఫోను తీసుకుని ఆడుకునే పిల్లలు ఏమేం చూశారో ఎంతమంది అమ్మలం గమనించాం? ఆఫ్రికా సింహం గురించి అన్ని జాగ్రత్తలు తీసుకుని, ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని నెమలి సంగతి ఫోనుకు వదిలేశాం.

ఏం చేయొచ్చు?

ముందు మనం చూడాలి. అంతా చూసే తీరిక లేకపోతే వేట, పిల్ల జంతువులు ఉన్న చోట్లయినా తిప్పి చూడొచ్చు. తొలిసారి చిన్నవి ఎంచుకుంటే మేలు. 2023లో ఆస్కార్ గెలుచుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' 40 నిమిషాలే. దాంట్లోనూ పెంచినవాళ్లనుంచి రఘు అనే ఏనుగు పిల్లను వేరుచేసే ఘట్టం ఉంది. "ఇప్పుడు కాస్త బాధనిపిస్తుంది" అని ముందే చెబితే పిల్లలు తట్టుకుంటారు.

షిఫ్టుల్లో పనిచేసే అమ్మలకు పక్కన కూర్చోవడం రోజూ కుదరదు. అమ్మమ్మకో ఆయాకో ట్యాబ్ అప్పగించి వెళ్లేటప్పుడు, ఒకటి అవగానే మరొకటి తనంతట మొదలయ్యే ఏర్పాటు ఆపేయండి. ఏడిస్తే కట్టేయమని వాళ్లకు చెప్పండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు తెర గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన సంగతీ మరవద్దు. ఆదివారం పూట కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్తే ఏ భయమూ లేని పాఠం దొరుకుతుంది.

ఇక పాప ప్రశ్న. "చిరుతకూ ఆకలేస్తుంది, వేటాడకపోతే బతకలేదు" అంటే అయిదేళ్లకు సగం అర్థమవుతుంది, మిగతా సగం పెరిగాక తెలుస్తుంది. కానీ "చెట్లు కొట్టేస్తే నెమలి ఎక్కడికెళ్తుంది?" అని అడిగితే ఆకలి అని చెప్పలేం. అది మనుషుల నిర్ణయమని నిజం చెప్పాల్సిందే. ఆ జవాబు కోసం ఛానల్ మార్చుకుంటూ పోతే లాభం లేదు.